అడిగితే ఏమనుకుంటారో

అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ ఫిలడెల్ఫియాలో మనోవిశ్లేషణ పద్ధతిలో వైద్యం చేస్తున్న రోజుల్లో ఒక రోగి తన శృంగార వ్యవహారాలను ఆయనకు ఏకరువు పెడుతోంది. ఎలా అనిపిస్తోందని అడిగితే, ఆందోళనగా ఉందంది. బయటికి చెప్పుకోలేని సంగతులు కదా, అందుకే కాబోలు అనుకున్నారు బెక్. అప్పటి సిద్ధాంతమూ అదే. ఆమె చెప్పిన కారణం మాత్రం వేరు. తన మాటలు డాక్టరుగారికి విసుగు పుట్టిస్తున్నాయేమోనని ఆమె భయం!

పైకి కథ చెబుతుంటే లోపల మరో గొంతు వ్యాఖ్యానిస్తోందన్నమాట. పిలవకుండానే వచ్చిపడే ఇలాంటి ఆలోచనల మీదే బెక్ తన చికిత్సను నిర్మించారు. కుంగుబాటులో ఉన్నవారి ఆలోచనలు ఏయే తీరుల్లో దారి తప్పుతాయో 1963లో ఒక వ్యాసంలో వర్గీకరించారు. ఆధారం లేకుండా నిర్ణయానికి రావడం, ఒక్క అనుభవంతో అన్నిటికీ సూత్రం కట్టేయడం, గోరంతను కొండంత చేయడం అందులో ఉన్నాయి. ఎదుటివారి మనసు చదివేశామనుకోవడం మొదటి దానికి దగ్గరి చుట్టం.

ఆలోచనల్లోని ఈ వక్రతలు రోగుల సొత్తేమీ కాదు. మీటింగు చివర "సందేహాలేమైనా ఉన్నాయా?" అని మేనేజరు అడగగానే గదిలో పరుచుకునే నిశ్శబ్దాన్ని చూడండి. ఇచ్చిన గడువులోగా పని పూర్తి కాదని తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు. 'ఇంతమందికీ అర్థమైంది, నాకే కాలేదు' అని ఒకరు, 'పోయినసారి అడిగితే ముఖం చిట్లించారు, ఇక నా మాటకు విలువ లేదు' అని మరొకరు నోరు కట్టేసుకుంటారు. మేనేజరు ముఖం చిట్లించింది తలనొప్పి వల్ల కావచ్చునన్న ఆలోచనే రాదు.

'నాకే అర్థం కాలేదు' అనే మొదటి రకం ఆలోచనను మనస్తత్వవేత్తలు డేల్ మిల్లర్, క్యాథీ మెక్‌ఫార్లండ్ పరీక్షించి 1987లో ప్రచురించారు. కావాలనే కొరుకుడు పడకుండా రాసిన వ్యాసాన్ని విద్యార్థులకు ఇచ్చి, మరీ అర్థం కాకపోతే వచ్చి అడగవచ్చన్నారు. ఒక్కరూ వెళ్లలేదు. పరువు పోతుందని తాము ఆగిపోయామని ప్రతి ఒక్కరికీ తెలుసు. పక్కవాళ్లు మాత్రం అర్థమై కూర్చున్నారనుకున్నారు. ఒకే మౌనం, తమ విషయంలో ఒక అర్థం, ఇతరుల విషయంలో మరో అర్థం.

మాట పూర్తిగా ఆగిపోవాలనీ లేదు, పలచబడితే చాలు. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్‌లో దిగాల్సిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ విమానం చక్రాలు సరిగా తెరుచుకున్నాయో లేదో తేలక గంటసేపు చక్కర్లు కొట్టింది. మరో పదిహేను నిమిషాలు పడుతుందని కెప్టెన్ అంటే, అంతసేపైతే ఇంధనం బాగా తగ్గిపోతుందని ఫ్లైట్ ఇంజనీరు చెప్పాడు. చెప్పాడు గానీ, వెంటనే దిగి తీరాలని పట్టుబట్టలేదు. అరగంటలోపే ఇంజన్లు ఆగి విమానం కూలింది. పదిమంది మరణించారు, వారిలో ఆ ఇంజనీరూ ఉన్నాడు. అతని మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు. దర్యాప్తు సంస్థ మాత్రం కెప్టెన్ పొరపాటుతో పాటు, కాక్‌పిట్‌లోని మిగతా ఇద్దరూ పరిస్థితి తీవ్రతను గ్రహించకపోవడమో, గట్టిగా చెప్పలేకపోవడమో కూడా కారణమంది. తర్వాత పై అధికారికి ఎదురుచెప్పడాన్ని పైలట్లకు శిక్షణలో భాగంగానే నేర్పడం మొదలైంది. ధైర్యం స్వభావం కాదు, అభ్యాసం అని తేల్చిన ఆ నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది.

అయితే 'మీ ఆలోచనే వక్రం' అని ఉద్యోగికి చెప్పి చేతులు దులుపుకునే శిక్షణ తరగతులంటే నాకు అనుమానమే. భయం కొన్నిచోట్ల సరైన అంచనా. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదవుతున్నాయని లెక్కల్లో కనిపించింది. 1996లో ఆమె ప్రచురించిన వివరణ ఇదీ: అక్కడ తప్పులు ఎక్కువ జరిగి ఉండకపోవచ్చు, బయటికి ఎక్కువ చెప్పి ఉండవచ్చు. ఒక వార్డులో నర్సులు, తప్పు ఒప్పుకుంటే బోనులో నిలబెట్టినట్టే ఉంటుందన్నారు. మరో వార్డులో, ఇక్కడి మందులు అంత ప్రమాదకరమైనవి కాబట్టే హెడ్ నర్సుకు చెప్పడానికి ఎవరూ జంకరన్నారు.