ఫ్లానన్ దీవిలో అల ఎంత ఎత్తు లేచింది?

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడితో కలిసి ఓ రాత్రి 'ది వానిషింగ్' సినిమా చూశాను. 2018లో వచ్చింది, జెరార్డ్ బట్లర్, పీటర్ ముల్లన్ నటించారు. స్కాట్లండ్ దగ్గర ఒంటరి దీవి, దాని మీద లైట్‌హౌస్, ముగ్గురు కాపలాదారులు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవ, అందులో బంగారం. ఆపైన ఆశ, అనుమానం, నెత్తురు. సినిమా అయిపోయాక వాడు ఫోన్‌లో అసలు కథ వెతికి చదువుకున్నాడు.

"మామయ్యా, బంగారం సంగతి కల్పనే. నిజంగానే మాయమైన ఆ ముగ్గుర్నీ అల వచ్చి లాక్కుపోయిందని రిపోర్టు రాశారట. కానీ అల పగలగొట్టిందంటున్న తాళ్ల పెట్టె ఉన్నది నీళ్లకు 33 మీటర్ల పైన. అంటే పదంతస్తుల మేడ. అంత ఎత్తుకు అల ఎక్కడైనా వస్తుందా?"

వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను.

ముందు జరిగిందేమిటో చెప్పాలి. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవికి పడమరగా 32 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఫ్లానన్ దీవులున్నాయి. వాటిలో పెద్దది ఐలన్ మోర్. అక్కడి దీపం 1899 డిసెంబరు 7న మొదటిసారి వెలిగింది. ఏడాది తిరిగేసరికి, 1900 డిసెంబరు 15 రాత్రి, అటుగా పోతున్న ఓడకు ఆ దీపం కనబడలేదు. కాపలాదారుల వంతు మార్చడానికి 20వ తేదీన రావలసిన హెస్పరస్ ఓడ వాతావరణం బాగోలేక 26న చేరింది. జోసెఫ్ మూర్ అనే కాపలాదారు దిగి పైకి వెళ్తే గేటు, తలుపు మూసే ఉన్నాయి. గడియారం ఆగిపోయి ఉంది. దీపం తుడిచి, నూనె నింపి వెలిగించడానికి సిద్ధంగా ఉంది. జేమ్స్ డుకాట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్ మాత్రం లేరు. డుకాట్, మార్షల్‌ల వానకోట్లు లేవు. మెకార్థర్ కోటు కొక్కేనికే వేలాడుతోంది.

సగం తిన్న భోజనం, తిరగబడ్డ కుర్చీ అని చాలామంది చెబుతారు. అది విల్ఫ్రిడ్ గిబ్సన్ అనే కవి 1912లో రాసిన పద్యం నుంచి జనంలోకి వచ్చింది. వంటగిన్నెలు శుభ్రంగా కడిగి ఉన్నాయని మూర్ స్వయంగా రాశాడు. లాగ్ పుస్తకంలో ఏడుపులు, ప్రార్థనలు ఉన్నాయన్న మాట కూడా తర్వాతెవరో అల్లిందే. దెయ్యాలు, సముద్ర సర్పాలు, మనుషుల్ని ఎత్తుకెళ్లే పెద్ద పక్షులు అన్నీ ఈ కథలోకి వచ్చి చేరాయి. నాకు వీటి మీద కోపం ఎందుకంటే, ఇవి అసలు సాక్ష్యాన్ని కప్పేస్తాయి. ఆ సాక్ష్యం పడమటి రేవులో ఉంది.

డిసెంబరు 29న విచారణకు వచ్చిన లైట్‌హౌస్ బోర్డు సూపరింటెండెంట్ రాబర్ట్ మ్యూర్‌హెడ్ అక్కడ చూసినవి ఇవి. 33 మీటర్ల ఎత్తున రాతి సందులో భద్రంగా పెట్టిన పెట్టె పగిలి, అందులోని మోకులు చెల్లాచెదురయ్యాయి. ఇనుప కటకటాలు వంగిపోయాయి. టన్నుకు పైగా బరువున్న బండ స్థానం మారింది. 60 మీటర్ల ఎత్తున, కొండ అంచు నుంచి పది మీటర్ల లోపలి దాకా గడ్డి వేళ్లతో సహా లేచిపోయింది. ఇంత చేసే శక్తి అక్కడ సముద్రానికి తప్ప ఇంకెవరికీ లేదు.

మరి సముద్రం అంత ఎత్తు ఎలా ఎక్కింది? మర్నాడు పొద్దున్నే వాడిని పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. చెరువులో, కాలవలో ఈత నేర్చుకున్నవాళ్లందరికీ ఈ ఆట తెలుసు. రెండు అరచేతులూ నీళ్లలో జోడించి, మధ్యలో కాస్త దొప్పలా ఉంచి, గట్టిగా నొక్కితే బొటనవేళ్ల సందులోంచి నీళ్లు పిచికారీలా ఎగురుతాయి. వాడు నొక్కాడు. నీళ్లు తొట్టి పక్కనున్న జామచెట్టు కొమ్మను తాకాయి, సుమారు రెండు మీటర్లు. అంత ఎత్తుకు పోవాలంటే నీళ్లు సెకనుకు 6 మీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరాలి. వాడి చేతులు దగ్గరైన వేగం మహా అయితే సెకనుకు ఒక మీటరు. ఆరు రెట్లు ఎక్కడి నుంచి వచ్చింది?

నీళ్లను నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. చోటు తగ్గితే తప్పుకోవాలి, తప్పుకోవడానికి సందు చిన్నదైతే వేగం పెరగాలి. అంతే. ఐలన్ మోర్ పడమటి రేవు సరిగ్గా ఇలాంటి దొప్పే. రెండు నిలువు రాతి గోడల మధ్య ఇరుకు చీలిక, దాని చివర ఒక గుహ. కొండ గోడలు అరచేతులు, చీలిక బొటనవేళ్ల సందు. వాడు చేతులు కదిపాడు. అక్కడ గోడలు కదలవు, వాటి మధ్యకు సముద్రమే వచ్చి దూరుతుంది. గుహలో చిక్కుకున్న గాలి స్ప్రింగులా నొక్కుకుపోయి, దూరిన నీళ్లను తిరిగి బయటికి తంతుంది. అప్పటికే లోపలికి వస్తున్న తర్వాతి అల దీనికి ఎదురైతే, నీళ్లకు మిగిలిన దారి పైకే.

ఇప్పుడు కాస్త లెక్క, ఓపిక పట్టండి. అల మోసే శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. చీలిక వెడల్పు పావు వంతుకు తగ్గితే అదే శక్తి నాలుగో వంతు చోటులో ఇమడాలి కాబట్టి అల ఎత్తు రెట్టింపవుతుంది. 8 మీటర్ల తుఫాను అలలు 12 సెకన్లకొకటి చొప్పున వస్తున్నాయనుకుందాం. అల వెడల్పులో ప్రతి మీటరుకూ సుమారు 380 కిలోవాట్లు. మన పొలాల్లో తిరిగే ఐదు హెచ్‌పీ మోటార్లు వంద! చీలిక నోరు ఇరవై మీటర్లుంటే రెండు వేల మోటార్లు ఒకే గొట్టంలోకి నీళ్లు తోస్తున్నట్టు. నిలువు గోడ దగ్గర ఇంకో విచిత్రం. అల ముఖం గోడను చేరేలోపే గోడ పాదం దగ్గరి నీళ్లు పైకి పరుగెత్తుతాయి. రెండూ ఒక బిందువు దగ్గర కలిసే క్షణంలో అక్కడి నీటికి గురుత్వానికి వందల రెట్ల త్వరణం వస్తుంది.

33 మీటర్లు ఎక్కాలంటే కావలసింది సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 92 కిలోమీటర్లు. 60 మీటర్లకు గంటకు 123. వీ స్క్వేర్ ఈక్వల్స్ టు టూ జీ హెచ్, అంటే వేగం వర్గం గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించినదానికి రెట్టింపు. ఈ సూత్రాన్ని పైకి విసిరిన బంతితో తప్ప ఇంకో ఉదాహరణతో చెప్పడం మన క్లాసుల్లో నేను చూడలేదు. ఒక్కసారి సముద్రంతో చెప్పి చూడండి, వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.

అలల దెబ్బ సంగతి లైట్‌హౌస్ కట్టేవాళ్లకు తెలియనిది కాదు. ఇనుప పలక వెనక స్ప్రింగులు పెట్టి అలల తాకిడిని కొలిచినవాడు థామస్ స్టీవెన్‌సన్. 1845 మార్చిలో స్కాట్లండ్‌లోని స్కెరీవోర్ లైట్‌హౌస్ దగ్గర ఆయన పరికరం చూపింది చదరపు మీటరుకు దాదాపు 30 టన్నులు. ఆయన అన్న కొడుకు డేవిడ్ అలన్ స్టీవెన్‌సన్ ఈ ఫ్లానన్ లైట్‌హౌస్‌కు రూపకర్త. అందుకే 23 మీటర్ల స్తంభాన్ని కొండ నెత్తి మీద కట్టాడు. కానీ ఓడ సామాన్లు దించుకోవడానికి రేవు కింద ఉండక తప్పదు కదా.

ఇక్కడ మావాడు ఇంకో మెలిక పెట్టాడు. "అంత తుఫానులో వాళ్లు కిందికి ఎందుకు దిగారు? పిచ్చివాళ్లా?"

కాదు. మోసం చేసేది అలల ఎత్తు కాదు, అవి వచ్చే తీరు. సముద్రంలో అలలన్నీ ఒక ఎత్తున ఉండవు. అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల సగటును ప్రామాణిక ఎత్తుగా తీసుకుంటారు. ఏ ఎత్తు అల ఎంత తరచుగా వస్తుందో చెప్పే రేలీ సూత్రం ప్రకారం దానికి రెట్టింపు ఎత్తున్న అల సుమారు మూడు వేలకు ఒకటి. 12 సెకన్లకొక అల చొప్పున మూడు వేల అలలు రావడానికి పది గంటలు. తొమ్మిది గంటలు చూసి పరవాలేదనుకున్నవాడు పదో గంటలో చిక్కుకుంటాడు. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో డ్రాప్నర్ చమురు వేదిక మీద కొలిచిన అల 25.6 మీటర్లు, చుట్టూ ఉన్న అలల ప్రామాణిక ఎత్తు 12.

నాకు ఇది ఒంటికి తెలిసిన సంగతి. భీమిలి దగ్గర ఓ సాయంత్రం నల్లరాళ్ల మీద కూర్చున్నాను. రాయి ఎండి వెచ్చగా ఉంది, పీతలు తిరుగుతున్నాయి. ఇరవై నిమిషాలు నీళ్లు నా పాదాలకు బారెడు కిందే ఆగాయి. ఉన్నట్టుండి ఒక అల నడుం దాకా కొట్టి, చెప్పులు పట్టుకుపోయింది. తిరిగి చూస్తే సముద్రం మళ్లీ బారెడు కిందే ఉంది, ఏమీ జరగనట్టు.

15వ తేదీ శనివారం పొద్దున 9 గంటల వివరాలు పలక మీద రాసి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం పెట్టెను కట్టి బిగించడానికి దిగి ఉంటారని, ఒక పెద్ద అల రాతి గోడ మీదుగా వాళ్లను మించి లేచి, మీద పడి ఊడ్చుకుపోయిందని మ్యూర్‌హెడ్ తేల్చాడు. నేను ఆయన మాటే నమ్ముతాను. మెకార్థర్ కోటు లేకుండా ఎందుకు పరుగెత్తాడన్నదానికి, పెద్ద అలలు వరసగా రావడం పైనుంచి చూసి హెచ్చరించడానికి వచ్చాడన్న ఊహ ఒకటుంది.

మావాడు దానికీ లెక్క వేశాడు. సెకనుకు 25 మీటర్ల వేగంతో లేచిన నీళ్లు 33 మీటర్లు ఎక్కడానికి పట్టేది 2.6 సెకన్లు. "అంటే మామయ్యా, ఆయన పైనుంచి అరిచినా..." అని ఆగి, తొట్టిలో చేతులు పెట్టి మళ్లీ ఒకసారి నొక్కాడు. జామచెట్టు కొమ్మ తడిసింది.