వీపు కండరం భుజానికి వచ్చిన కథ

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగువాళ్లలో జబ్బ నొప్పి అనగానే "వాతం" అంటారు. తైలం రాస్తారు, కాపడం పెడతారు, నెలలు గడుస్తాయి. చెయ్యి తల మీదికి లేవడం మానేశాక రైలెక్కి విశాఖ పోతారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడి ఈ ఊళ్లు అందులోకి వెళ్లాయి, 1962లో బరంపురానికి మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా పెద్ద జబ్బంటే చాలామందికి విశాఖే గుర్తొస్తుంది. అక్కడ స్కానింగ్ చూసి, "టెండన్ తెగి చాలా కాలమైంది, ఇక కుట్టలేం" అంటే గుండె జారిపోతుంది.

ఆ మాటకు కారణం ఆలస్యమే. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది. తెగితే అది ఎముక నుంచి వెనక్కి ముడుచుకుపోతుంది. దాని కండరం సన్నబడి, లోపల కొవ్వు చేరుతుంది. అప్పుడు లాగి కుట్టినా పట్టు నిలవదు.

ఇలాంటివాళ్ల కోసం వేరేచోటి కండరాన్ని తెచ్చి పెట్టే పద్ధతి ఉంది. అది పుట్టింది భుజం కోసం కాదు, పక్షవాతం వచ్చిన కాళ్ల కోసం. 1880ల ఆరంభంలో నికొలడోని అనే సర్జన్ పోలియో కాలికి టెండన్ మార్చాడు. మన దేశంలో 1940ల చివర్లో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను ఇలాగే నిలబెట్టాడు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అదే. పుట్టేటప్పుడు నరం దెబ్బతిన్న పిల్లల భుజానికి 1934లో లెపిస్కోపో అనే సర్జన్ కండరం మార్చాడు. పెద్దల్లో కుట్టడానికి వీల్లేని టెండన్ చిరుగులకు వీపు కండరాన్ని వాడినట్టు 1988లో స్విట్జర్లాండ్ డాక్టర్ గెర్బర్ ప్రకటించాడు.

నూతిలో చేద తాడు లాగేటప్పుడు చేతిని కిందికి దించేది ఆ వీపు కండరమే. దాని నరం, రక్తనాళాలు చెడకుండా కొసను విడదీసి, జబ్బ ఎముక తల మీద కుడతారు. అప్పటినుంచి అది చేతిని బయటికి తిప్పుతుంది, పైకెత్తడానికి సాయపడుతుంది. అందరికీ ఇది పనికిరాదు. భుజం ముందువైపు టెండన్ బాగుండాలి, కీలు అరిగిపోయి ఉండకూడదు. అరిగిన పెద్దవాళ్లకు 1985లో ఫ్రాన్స్ డాక్టర్ గ్రామాంట్ రూపొందించిన తిరగేసిన కృత్రిమ కీలు ఉంది; అందులో గుండు, గిన్నె చోట్లు మారతాయి.

ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు చేతికి పట్టీ. ఆపైన నెలల తరబడి ఇంటి అరుగు మీదే వ్యాయామం. దించే పనికి అలవాటుపడిన కండరానికి ఎత్తడం నేర్పాలి కదా. అందుకే ఫిజియోథెరపిస్టు మొదట్లో, మోచేతిని ఒంటివైపుకు అదుముతూనే చెయ్యి పైకెత్తమంటారు.