ఇస్నోఫీలియా: మదనపల్లె నుంచి బెంగళూరు దాకా

బెంగళూరు రామమూర్తినగర్‌లో కూతురి ఇంట ఉంటున్న మా పెద్దమ్మకు యాభై రెండేళ్ల వయసులో ఉబ్బసం మొదలైంది. పోయిన నెల ఆమె రక్తపరీక్ష కాగితం నా చేతిలో పెట్టి, "ఇస్నోఫీలియా ఉందేమో చూడు నాయనా" అంది. తెల్లకణాలు 8,000. వాటిలో ఇసినోఫిల్స్ అనే రకం 6 శాతం. రక్తంలో ఇవి పెరగడాన్నే ఇసినోఫీలియా, మన ఇళ్లలో ఇస్నోఫీలియా అంటారు. ఆ ల్యాబు వేసుకున్న హద్దు 1 నుంచి 6 శాతం కాబట్టి పక్కన ఏ గుర్తూ లేదు. లేదు పెద్దమ్మా అని కాగితం మడిచి ఇచ్చేయవచ్చు. కానీ ఎనిమిది వేలలో ఆరు శాతమంటే మైక్రోలీటరు రక్తంలో 480 కణాలు. తీవ్రమైన ఉబ్బసంలో 150 దాటితేనే వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు, 300 దాటితే మరింత శ్రద్ధగా చూస్తారు. ఈ అంకెలు ఇంత ముఖ్యం కావడానికి వందేళ్లకు పైగానే పట్టింది.

1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ యువ వైద్యుడు ఇయోసిన్ అనే ఎర్ర రంగును ఇట్టే పీల్చుకునే తెల్లకణాలను గుర్తించాడు. ఇసినోఫిల్ అన్న పేరు ఆ రంగు పెట్టిందే. అంతకు ముందే, 1872లో, లైడెన్ అనే వైద్యుడు ఉబ్బసం రోగుల కళ్లెలో సూదిమొనల్లాంటి స్ఫటికాలను చూశాడు. అవి ఈ కణాల నుంచే వస్తాయని తరువాత తేలింది.

ఇక్కడ కథ మా పెద్దమ్మ పుట్టింటి వైపు తిరుగుతుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి వచ్చేవారిలో కొందరికి దగ్గు, ఆయాసం ఉండేవి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు కనిపించేవి, కళ్లెలో మాత్రం క్షయ క్రిమి దొరికేది కాదు. రక్తం చూస్తే ఇసినోఫిల్స్ విపరీతం. అక్కడి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, బార్టన్‌తో కలిసి 1940లో ఈ సంగతిని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశాడు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలపై ఊపిరితిత్తులు తిరగబడడమే దీని మూలమని ఆ తరువాత తెలిసింది. హెట్రజాన్ మాత్రలతో తగ్గేది. ఆ పేరు మన పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తు.

జబ్బు తగ్గింది కానీ మాట ఇళ్లలో స్థిరపడిపోయింది. దగ్గు వదలకపోతే ఇస్నోఫీలియా, పొద్దున లేవగానే పది తుమ్ములు తుమ్మితే ఇస్నోఫీలియా. అసలు ఫైలేరియా జబ్బులో లెక్క సాధారణంగా 3,000 దాటిపోతుంది. ఉబ్బసంలో కొన్ని వందల దగ్గరే తిరుగుతుంది. ఈ రెంటినీ ఒకే మాట కింద కట్టేయడం వల్ల, నా ఉద్దేశంలో, ఆ కొన్ని వందలను ఎవరూ పట్టించుకోలేదు.

ఇంగ్లండులో ఒకాయన పట్టించుకున్నాడు. డెర్బీ పట్టణపు వైద్యుడు మోరో బ్రౌన్ మామూలు మైక్రోస్కోపుతో ఉబ్బసం రోగుల కళ్లె చూసి, 1958లో లాన్సెట్‌లో రాశాడు: ఇసినోఫిల్స్ ఉన్నవారికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పనిచేసింది, లేనివారికి చేయలేదు. ఉబ్బసం అన్న ఒక్క పేరు కింద కనీసం రెండు జబ్బులున్నాయని అప్పుడే తెలియాల్సింది. ఈలోగా పీల్చే స్టెరాయిడ్లు వచ్చాయి. అందరికీ ఒకే మందు ఇస్తున్నప్పుడు కళ్లె ఎవరు చూస్తారు? 1999లో పావర్డ్ అనే వైద్యుడి బృందం స్టెరాయిడ్‌కు లొంగని, ఇసినోఫిల్స్ లేని ఉబ్బసాన్ని మళ్లీ ముందుకు తెచ్చేదాకా ఆ గమనిక పక్కనే పడి ఉంది.

మెపోలిజుమాబ్ కథ ఇంకా విచిత్రం. ఇసినోఫిల్స్‌ను పెంచి పోషించే ఇంటర్‌ల్యూకిన్-5 అనే రసాయన సంకేతాన్ని అడ్డుకునే ఇంజెక్షన్ ఇది. 2000లో వెలువడిన పరీక్షలో కణాలు పడిపోయాయి, చిన్న కారణానికే శ్వాసనాళాలు బిగుసుకుపోయే గుణం మాత్రం అలాగే ఉంది. మందు పని అయిపోయిందనుకున్నారు. లోపం ఎంపికలో ఉంది: తీసుకున్నది తేలికపాటి ఉబ్బసం వారిని. 2009లో రెండు బృందాలు స్టెరాయిడ్లు వాడుతున్నా కళ్లెలో ఇసినోఫిల్స్ తగ్గని వారిని ఏరి అదే మందు ఇస్తే, ఆయాసం ముదిరి మంచాన పడే సందర్భాలు తగ్గాయి. 2012లో 621 మందితో చేసిన పరీక్ష తరువాత, ఎవరికి పనిచేస్తుందో చెప్పడానికి రక్తంలోని లెక్క చాలన్న నమ్మకం కుదిరింది. ఇది పెద్ద వెసులుబాటు. ఉప్పునీటి ఆవిరి పట్టించి కళ్లె తీయించి లెక్కపెట్టే ల్యాబు పెద్ద నగరంలోనూ అరుదు. రక్తం తీసే గది ప్రతి వీధిలోనూ ఉంది. 2015లో అమెరికా ఆ మందుకు అనుమతి ఇచ్చింది.

మరి మిగతావారి సంగతి? ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో కళ్లెను బట్టి ఉబ్బసాన్ని నాలుగు రకాలు చేశారు: ఇసినోఫిల్స్ ఎక్కువైనది, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు ఎక్కువైనది, రెండూ ఎక్కువైనది, ఏదీ ఎక్కువ కానిది. 2009లో ఫ్రాన్సులో పెద్దవాళ్ల రక్తాన్ని ఇదే పద్ధతిలో విడదీశారు. న్యూట్రోఫిల్స్ వాటా మాత్రం ఇప్పటికీ చిక్కుముడే. పొగ తాగినా పెరుగుతాయి, ఒళ్లు పెరిగినా పెరుగుతాయి, జలుబు చేసి జ్వరం వచ్చినా పెరుగుతాయి. అన్నిటికంటే పెద్ద మెలిక స్టెరాయిడ్ మాత్రలది. అవి ఇసినోఫిల్స్‌ను రక్తంలోంచి తరిమేసి, న్యూట్రోఫిల్స్‌ను రక్తనాళాల గోడల నుంచి ప్రవాహంలోకి దింపుతాయి. మాత్రలు మింగి పరీక్ష చేయించుకుంటే ఒక రకం రోగి మరో రకంలా కనిపిస్తాడు.

మా పెద్దమ్మ విషయంలో జరిగిందీ దాదాపు ఇదే. పరీక్షకు ముందు మూడు రోజులు మందుల షాపువాడు ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు వేసుకుంది. చీటీ చూస్తే ప్రెడ్నిసొలోన్. అంటే అణగదొక్కిన తరువాత కూడా 480.

ఛాతీ వైద్యురాలు ఇంజెక్షన్ మాట ఎత్తలేదు. ముందు ఇన్‌హేలర్ పీల్చి చూపించమంది. పెద్దమ్మ నొక్కింది ఒకప్పుడు, పీల్చింది ఇంకొకప్పుడు. పైగా దాన్ని ఆయాసం వచ్చిన రోజే వాడుతోందట. మందు సగం నాలుక మీదే ఆగిపోతోందని స్పేసర్ గొట్టం రాసి ఇచ్చింది. పొట్టలో పురుగులున్నా ఈ లెక్క పెరుగుతుంది కనుక మలపరీక్ష రాసింది. మాత్రలు లేకుండా నాలుగు వారాలు గడిచాక, మళ్లీ ఉదయం పూటే రక్తం ఇవ్వమంది, ఎందుకంటే ఈ కణాలు రాత్రికీ పగటికీ కూడా మారుతుంటాయి. పెద్దమ్మ కాగితం మడిచి చీర కొంగున ముడి వేసుకుంది. "మరి ఇస్నోఫీలియా ఉన్నట్టా, లేనట్టా?" అని ఆటోలో మళ్లీ అడిగింది. నాలుగు వారాలు ఆగాలి అన్నాను.