కవర్ వెనక వైపు చూడండి: తెలియని బ్యాండ్ల గురించి అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా వారానికో గంట రేడియోలో పాటలు వేస్తున్నాను. షరతు ఒక్కటే, ఆ గంటలో పేరున్న బ్యాండ్ ఉండకూడదు. కలిసిన ప్రతివాళ్లూ "వీళ్లంతా నీకెక్కడ దొరుకుతారు?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. అది చాలాసార్లు తప్పు.

అపోహ: ఈ రోజుల్లో యాప్ చూపించేస్తుంది, వెతకడం దేనికి?

వాస్తవం: ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారో చూసుకుని యాప్ ఎక్కువగా సలహా ఇస్తుంది. నలభై మంది మాత్రమే విన్న బ్యాండ్ దగ్గర దానికి చూసుకోడానికేమీ దొరకదు. స్పాటిఫై అనే పాటల యాప్‌లో 2024 నుంచి ఓ నియమం ఉంది: గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ లెక్కే కట్టరు. నేను వెతికే పాటలు చాలామటుకు ఆ గీతకి కిందే ఉంటాయి.

నా వెతుకులాట రికార్డు కవర్ వెనక వైపు నుంచి మొదలవుతుంది. ముందువైపు బొమ్మ అమ్మకానికి. వెనక చిన్న అక్షరాల్లో ఎవరు రికార్డు చేశారు, ఎక్కడ, ఏ లేబుల్ (అంటే రికార్డు వేసిన కంపెనీ), ఆ లేబుల్‌కి ఇది ఎన్నో విడుదల అన్నవి ఉంటాయి. అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా తొలి ఆల్బమ్ (1989) వెనక వైపు చూడండి. సియాటిల్‌లోని రెసిప్రోకల్ రికార్డింగ్ స్టూడియోలో జాక్ ఎండినో 600 డాలర్లకు రికార్డు చేశాడని రాసుంటుంది. ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే 1987లో గ్రీన్ రివర్, సౌండ్‌గార్డెన్ బ్యాండ్ల ఈపీలు (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డులు), 1988లో మడ్‌హనీ తగులుతాయి. గ్రీన్ రివర్ విడిపోయాక కొందరు మడ్‌హనీ పెట్టుకున్నారు, ఇంకొందరు పెర్ల్ జామ్‌లో తేలారు. ఒక్క పేరు లాగితే ఎంత తీగ కదిలిందో చూశారుగా!

నాకు ఇంకా ముచ్చటైనది మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ 1977 జనవరిలో అప్పు చేసి సొంతంగా వేసుకున్న ఈపీ. ఏ పాట ఎన్నో టేకో కూడా కవర్ మీద అచ్చేశారు. ప్రొడ్యూసర్‌గా 'మార్టిన్ జీరో' అని ఉంటుంది. అసలు పేరు మార్టిన్ హానెట్. రెండేళ్లకు జాయ్ డివిజన్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ చేసింది ఆయనే.

డిజిటల్ విడుదలకు వెనక వైపు ఎక్కడుంటుందని అడుగుతారు. బ్యాండ్లు తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఆల్బమ్ పేజీ ఉంటుంది, అందులో పాటల జాబితా కింద ఉంటుంది, జనం అంతదూరం కిందికి దిగరంతే. అదే పేజీలో ఆల్బమ్ కొన్నవాళ్ల బొమ్మలు కూడా కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి కొన్నవి వరసగా వస్తాయి. మీకు నచ్చిన అనామక ఆల్బమ్‌ని డబ్బిచ్చి కొన్న మనిషి అభిరుచి మీకు పనికొస్తుంది. నా కార్యక్రమంలో మూడో వంతు అలా దొరికినవే.

అపోహ: బాగుంటే ఎప్పటికైనా పైకొస్తుంది. రాలేదంటే అంత గొప్పది కాదు.

వాస్తవం: డెట్రాయిట్‌లో డెత్ అనే బ్యాండ్ ఉండేది. ముగ్గురు అన్నదమ్ములు. 1975లో పాటలు రికార్డు చేశారు. పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు. 1976లో సొంత ఖర్చుతో 500 కాపీల సింగిల్ (ఒకటి రెండు పాటల రికార్డు) వేసుకున్నారు, అది అక్కడే ఆగిపోయింది. ఆ రికార్డింగులు ఆల్బమ్‌గా బయటికొచ్చింది 2009లో. బ్యాండ్‌ని నడిపిన డేవిడ్ 2000లోనే పోయాడు. ఆ 34 ఏళ్లలో పాటలో ఒక్క స్వరమూ మారలేదు కదా! మరుగున పడ్డ ఆ సింగిల్ రికార్డులు పోగేసేవాళ్ల చేతుల్లో తిరుగుతూ బతికింది, అంతే.

అపోహ: తొలి రికార్డింగే అసలు సిసలైనది. తర్వాతవన్నీ మెరుగులు.

వాస్తవం: ఈ మాట మావాళ్లే, అంటే రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లే ఎక్కువ అంటారు. ఒక్కోసారి నిజమే. ఆర్.ఇ.ఎం. అనే బ్యాండ్ తొలి సింగిల్ 1981లో ఓ చిన్న లేబుల్ మీద వచ్చింది, 1983లో ఆల్బమ్ కోసం అదే పాటని మళ్లీ రికార్డు చేశారు. నా ఓటు మొదటిదానికే. జాయ్ డివిజన్ 1978లో సొంతంగా వేసుకున్న తొలి ఈపీ కథ వేరు. నాలుగు పాటల్ని ఏడంగుళాల రికార్డులో కుక్కితే ధ్వని పీలగా వచ్చింది. అదే ఏడాది పన్నెండంగుళాల మీద మళ్లీ వేయాల్సి వచ్చింది. ముందొచ్చింది కాబట్టి గొప్పదనుకుంటే చెవికి పనేముంది?

అపోహ: తక్కువ కాపీలుంటే ఖరీదెక్కువ.

వాస్తవం: ఎవరికీ అక్కర్లేని రికార్డు పది కాపీలే ఉన్నా ఎవరూ కొనరు. కావాల్సినవాళ్లు ఎక్కువైతేనే ధర పెరుగుతుంది, ధర పెరిగితే నకిలీలొస్తాయి. నిర్వాణా తొలి సింగిల్ 1988లో చేత్తో నంబర్లేసి 1,000 కాపీలు వేశారు. దానికి నకిలీలున్నాయి. నేనూ ఒకసారి వేరే బ్యాండ్ సింగిల్ ఒకటి మోసపోయి కొన్నాను. కవర్ చూసి మురిసిపోయి డబ్బు కట్టేశాను. రికార్డు మీద పాట అయిపోయాక, మధ్యలో అంటించిన కాగితం లేబుల్‌కి ముందు కొంత నున్నటి జాగా ఉంటుంది, అసలుదానిలో అక్కడ గీసిన అక్షరాలుంటాయి. నాదాంట్లో అవి లేవు. ఇప్పుడు ఏది కొనాలన్నా ముందు ఆ జాగా ఫోటో పంపమంటాను. పంపనివాళ్లతో బేరం లేదు.

అపోహ: పాతవన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి, ఎప్పుడైనా వినొచ్చు.

వాస్తవం: 2003 నుంచి 2015 వరకు జనం మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో పెట్టిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. 5 కోట్లకు పైగా పాటలని అంచనా. అందులో సుమారు 4.9 లక్షలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారానికి చేరాయి. మొన్నమొన్నటి తరం తొలి డెమోలు చాలా అందులోనే ఉండేవి. అందుకే నచ్చింది కొని, ఫైల్ దించుకుని, రెండు చోట్ల దాస్తాను. పేజీ మాయమైన బ్యాండ్ అయితే ఆల్బమ్‌లో వాయించినవాళ్లకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తాను. పాడినవాళ్ల కన్నా డ్రమ్స్, బేస్ వాయించినవాళ్లే ఎక్కువగా దాచుకుంటారని నా అనుభవం.

ఈ వారం వేయబోయే పాట అలా వచ్చిందే. బ్యాండ్ లేదు, లేబుల్ లేదు. బేస్ వాయించినావిడ దగ్గర ఒక్క క్యాసెట్ మిగిలింది. మొదటి నిమిషంలో టేపు నలిగి గొంతు వణుకుతుంది. సరిచేయనా అని అడిగితే "వద్దు, అలాగే వెయ్యండి" అందావిడ.