ఆటోమేటిక్ అంటే తాగేస్తుందన్న మాట ఎక్కడ పుట్టింది?

“ఆటోమేటికా అండీ? అయితే తాగేస్తదండి.”

రావులపాలెంలో హైవే పక్క షెడ్డులో మేస్త్రి నాతో అన్న మాట ఇది. టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు 1980ల చివరినాటి మోటార్‌హోమ్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. వంటగది, మంచాలు, స్నానాలగది అన్నీ బండిలోనే. లీటరుకు మూడున్నర కిలోమీటర్లు కూడా రావడం లేదు, గేరుబాక్సు మార్పించెయ్యనా అని ఫోన్లో అడిగాడు. నాకు తెలిసిన ఇంజన్ల మనిషి ఈ మేస్త్రి ఒక్కడే. లారీలు, వ్యాన్లు, కోనసీమలో షూటింగులకొచ్చే క్యారవాన్లు ఎన్నో ఆయన చేతి మీదుగా వెళ్లాయి. అయితే ఆయన విప్పినవన్నీ గేరు రాడ్డు బళ్లే. గేర్లు తనంత తానే మార్చుకునే ఆటోమేటిక్ గేరుబాక్సు చేత్తో ముట్టింది లేదని ఆయనే చెప్పాడు. అయినా అంత గట్టిగా అన్నాడంటే, ఎవరి అనుభవమో నోట నోట నడిచి ఆయన దాకా వచ్చిందన్నమాట. ఆ అనుభవం అబద్ధం కాదు. కాకపోతే దానికి ఒక కాలం ఉంది.

చక్రాల మీద ఇల్లు మనకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్పించుకుని ఊరూరా తిరిగారు, హరికృష్ణ నడిపారు. అందులోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం, భోజనం. ఆ రథం కోసం అర్ధరాత్రి దాకా రోడ్డు మీద కాచుకుని కూర్చున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

ఆటోమేటిక్ సంగతి, పాత రైసుమిల్లు చూసినవాళ్లకు తేలిగ్గా బోధపడుతుంది. ఇంజన్ ఒకచోట, హల్లరు ఒకచోట, మధ్యన పొడవాటి బెల్టు. లోడు ఎక్కువైతే బెల్టు జారేది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, హల్లరు వెనకబడుతుంది, కాలిన వాసన వస్తుంది. జారినంత మేర పోసిన ఆయిల్ వేడిగా పోయినట్టే. పాత ఆటోమేటిక్‌లో జారేది బెల్టు కాదు, నూనె. క్లచ్చు ప్లేటు ఉండాల్సిన చోట టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు, నిండా నూనె. ఇంజన్ వైపు చక్రం నూనెను విసురుతుంది, ఆ తాకిడికి రెండోది తిరుగుతుంది. మధ్యలో ఉన్న మరో చిన్న చక్రం నూనెను మళ్లించి, బండి కదిలేటప్పుడు లాగుడు పెంచుతుంది. అయిదారు టన్నుల ఇంటిని కుదుపు లేకుండా కదిలించడంలో దానికి సాటి లేదు. కానీ లోడు మీద ఆ రెండు చక్రాలూ సమానంగా తిరగవు. వెనకది ఎప్పుడూ కాస్త వెనకే. ఆ తేడా అంతా నూనెను కాచడానికి పోతుంది.

ఈ ఉపాయం అసలు బళ్ల కోసం పుట్టలేదు. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్ కార్లలో పెట్టిన హైడ్రామాటిక్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ లేదు, లాగుడు పెంచని నూనె కప్లింగ్ మాత్రమే ఉండేది. 1948 మోడల్ బ్యూక్‌లో టార్క్ కన్వర్టర్ ఉన్న డైనాఫ్లో అనే ఆటోమేటిక్ వచ్చింది. గేరు మారిన సంగతే తెలియనంత మెత్తన, అంత జారుడు కూడా. ఆ మరుసటి ఏడే, 1949లో, ప్యాకార్డ్ కంపెనీ తన అల్ట్రామాటిక్‌లో జారుడుకి మందు చూపించింది. బండి వేగం అందుకున్నాక లోపలి రెండు చక్రాలనూ ఒక క్లచ్చుతో పట్టి బిగించేస్తుంది. దాన్నే లాకప్ అంటారు. బిగించాక జారుడు లేదు, వేడీ లేదు. ఇంత మంచి మందును పెద్ద కంపెనీలు దాదాపు ముప్ఫై ఏళ్లు పక్కన పెట్టాయి. పెట్రోలు మంచినీళ్లలా దొరికే దేశంలో ఖర్చుపెట్టి ఆ క్లచ్చు పెట్టాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు. ఈ కథలో నాకు బాధ కలిగించేది ఇదే.

మోటార్‌హోమ్‌లు అమెరికాలో జోరుగా అమ్ముడైనవి సరిగ్గా ఆ ముప్ఫై ఏళ్లలోనే. 1973లో వచ్చిన జీఎంసీ మోటార్‌హోమ్‌ను చూడండి. ఏడున్నర లీటర్ల ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్, లాకప్ లేదు, హైవే వేగంలో ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పే పై గేరు, అంటే ఓవర్‌డ్రైవ్, లేదు. అలాంటి బళ్లు గాలనుకు 8 నుంచి 10 మైళ్లు ఇచ్చేవి. మన లెక్కలో లీటరుకు 3.4 నుంచి 4.3 కిలోమీటర్లు. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్ దేశాలు చమురు బిగించాయి. పంపుల దగ్గర క్యూలు, 1974లో గంటకు 55 మైళ్ల వేగ పరిమితి, మోటార్‌హోమ్‌ల అమ్మకాలు కుప్పకూలడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆటోమేటిక్ తాగేస్తుందన్న మాట లోకమంతా గట్టిపడింది అప్పుడే అని నా నమ్మకం.

తర్వాత మందు వచ్చింది గానీ ముందు కార్లకే అందింది. 1975లో అమెరికా చేసిన మైలేజీ చట్టం కార్ల మెడ మీద కత్తి పెట్టింది. క్రైస్లర్ 1978 మోడళ్లలో లాకప్ తెచ్చింది. బరువైన మోటార్‌హోమ్ ఛాసిస్‌లు ఆ చట్టం కిందికి రాలేదు, అందుకే వాటికి ఆలస్యమైంది. ఫోర్డ్ బరువు బళ్లలో లాకప్, ఓవర్‌డ్రైవ్ రెండూ ఉన్న నాలుగు గేర్ల పెట్టె 1989లో వచ్చింది. జనరల్ మోటార్స్ వైపు అదే తరహాది 1991లో. ఫోర్డ్ ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి 0.71, అంటే మూడో గేరులో ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగే వేగంలో నాలుగో గేరులో 2,130 సార్లు తిరిగితే చాలు. అందుకే పాత మోటార్‌హోమ్ అనగానే ముందు అడగాల్సింది ఏ సంవత్సరానిదని.

ఇంకొకటి చెప్పకపోతే గేరుబాక్సుకు అన్యాయం చేసినట్టవుతుంది. మోటార్‌హోమ్ అంటే హైవే మీద గోడను నెట్టుకుంటూ పోవడం. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. గంటకు 100 నుంచి 85 కిలోమీటర్లకు తగ్గితే గాలి అడ్డు నూటికి 28 వంతులు తగ్గుతుంది. ఏ గేరుబాక్సు మార్చినా అంత కలిసిరాదు.

మరి అలాంటి బండి మన డెల్టాలో తిరిగితే? ఇక్కడ ఎత్తంటే వంతెన ఎత్తే. సిద్ధాంతం దగ్గరో చించినాడ దగ్గరో వంతెన ఎక్కి దిగితే మిగతాదంతా చాప పరిచిన నేల. తక్కువ తాగాలి కదా అనిపిస్తుంది. కానీ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేలంతా కాలవల చుట్టూ అల్లుకుంది, మన ఊళ్ల రోడ్లలో చాలావరకు కాలవ గట్ల మీదే పడ్డాయి. వంపు, ఇరుకు వంతెన, స్పీడు బ్రేకరు, ధాన్యం ఆరబోసిన సగం రోడ్డు. లాకప్ పడాలంటే బండి కాసేపు ఒకే వేగంలో నడవాలి. జాతీయ రహదారి ఎక్కితే తప్ప ఆ అవకాశం ఎక్కడిది? గట్టు రోడ్డు మీద లాకప్ ఉన్న బండి కూడా చాలాసేపు లేనట్టే నడుస్తుంది. పైగా మే నెల ఉక్క, జారే నూనె వేడి, నూనెను చల్లబరిచే కూలర్ చాలినంత లేకపోతే నూనె మాడి నల్లబడుతుంది. భీమవరం వైపు రైలు గేటు పడినప్పుడు బ్రేకు తొక్కి, గేరును ‘డ్రైవ్’లోనే ఉంచేవాళ్లుంటారు. అలా నిలబడ్డంతసేపూ కన్వర్టర్ నూనెను ఊరికే చిలుకుతూ ఉంటుంది. న్యూట్రల్ చేస్తే ఆ చిలుకుడు ఉండదు. పుదుచ్చేరి పన్ను తక్కువని యానాం దాకా వెళ్లి ట్యాంకు నింపుకొచ్చే మనవాళ్లకు ఆ లీటర్ల విలువ ఇంకొకరు చెప్పాలా?

మన దగ్గర 2014లో మారుతి సెలెరియో కారుతో మొదలైన ఏఎంటీ అనే ఆటోమేటిక్ వేరే జాతి. అందులో నూనె చక్రాలు లేవు, మామూలు గేర్లనూ క్లచ్చునూ మనిషికి బదులు యంత్రం కదుపుతుంది. కంపెనీ ప్రకటించిన మైలేజీ కూడా గేరు రాడ్డు బండిదీ దీనిదీ ఒకటే. పేరు ఒకటే కావడంతో పాత నింద దీని మీదా పడుతోంది.

లాకప్ ఉన్న పాత బండి కొనేవాళ్లు అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నిలకడగా 80లో పోతూ, యాక్సిలరేటర్ కదపకుండా బ్రేకు పెడల్‌ను తాకీతాకనట్టు తాకండి. లాకప్ వదిలితే ఇంజన్ తిరుగుడు కొద్దిగా పెరిగి, కాలు తీశాక మళ్లీ తగ్గుతుంది. ఏ మార్పూ లేకపోతే అసలు లాకప్ పడటం లేదని అనుమానించాలి.

మా మేనల్లుడి బండికి ఆ పరీక్షే అక్కర్లేదు. మూడు గేర్లు, లాకప్ లేదు. ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరుగుతాడు, నాలుగు గేర్ల పెట్టెతో మైలేజీ నూటికి పది పెరిగిందనుకున్నా మిగిలేది 80 లీటర్లు. ఆ లెక్క చెప్పాక గేరుబాక్సు మార్చే ఆలోచన మానుకున్నాడు. గేరాయిలు, ఫిల్టరు మార్పించి, పెద్ద కూలర్ పెట్టించాడు. ఇప్పుడు 85 దాటనివ్వడు.