తోడు ఎవరింటిది?

ప్రభువునందు ప్రియమైన పిల్లలకు,

తాతయ్య వందనాలు. మొన్న ఆదివారం బాప్తిస్మం క్లాసు అయ్యాక మీలో ఒకమ్మాయి చెప్పులు వేసుకుంటూ నా దగ్గర ఆగింది. "తాతయ్యా, నీళ్ళలోకి దిగాక అయ్యగారు 'యేసును నీ సొంత రక్షకుడిగా అంగీకరించావా' అని అడుగుతారు కదా. నాకు తెలిసిందంతా అమ్మ చెప్పిందీ, సండే స్కూలు టీచరు చెప్పిందీనే. ఇక ఇందులో సొంతం ఏముంది?" అంది. నేను తడుముకునేలోపు వాళ్ళ నాన్న బండి హారన్ కొట్టాడు. అప్పటికి బతికిపోయాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నప్పుడు ఊళ్ళో ఫ్రిజ్జులు ఎక్కడివి? చుట్టాలొచ్చి పెరుగంతా అయిపోయిన రోజునో, పిల్లి మూతి పెట్టిన రోజునో తోడుకు చుక్క మిగిలేది కాదు. అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి తరిమేది. "అత్తా, కాస్త తోడుంటే పెట్టవా" అని అడిగితే ఆవిడ చెంచాడు పెరుగు గిన్నె అడుగున వేసేది. అమ్మ దాన్ని గోరువెచ్చటి పాలలో కలిపి పొయ్యి పక్కన పెట్టేది. చలికాలమైతే బియ్యం కుండలో గిన్నె మునిగేదాకా దించేది. తెల్లారి చూస్తే గట్టి పెరుగు! అది ఎవరి పెరుగర్రా? అత్తదా? అత్తకు తోడు వాళ్ళ వదిన ఇచ్చుంటుంది, ఆ వదినకు ఇంకెవరో. అలా వెనక్కి వెళ్తే ఏ ఇంట్లో తేలతామో. కానీ పాలు మా బర్రెవి, గిన్నె మాది, తిన్నది మేము. తోడు పక్కింటి నుంచి వచ్చిందని మా ఇంటి పెరుగును ఎవరూ అరువు పెరుగు అనలేదు.

ఇంకో సంగతి. నాకు ఆగేది కాదు. రాత్రి లేచి మూత తీసి, తోడుకుందా లేదా అని వేలు పెట్టి చూసేవాణ్ణి. పొద్దున పెరుగు మీద నీళ్ళు తేలేవి, నా వీపు మీద వాతలు తేలేవి. మీరు కూడా నాకు విశ్వాసం ఉందా, నిన్నటికంటే పెరిగిందా అని రోజూ వేలు పెట్టి చూసుకోకండి. కాసేపు వెచ్చగా, కదలకుండా ఉండనివ్వండి. ఆదివారం నలుగురి మధ్య కూర్చోవడం బియ్యం కుండలో కూర్చోవడం లాంటిదే. ఏం జరుగుతున్నట్టూ ఉండదు.

మన ఒంగోలు వైపు ఈ తోడు ఎలా వచ్చిందో చెప్పనా? తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగిన ఊరల్లా, చుట్టమున్న ఇల్లల్లా యేసు మాటే చెప్పాడు. తర్వాత 1876లో పెద్ద కరువు వచ్చింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలిపని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరు బోధకులు నీళ్ళలో నిలబడి, అలిసిపోతే మరో ఇద్దరికి చోటిచ్చారు. వాళ్ళు గుంపుగా వచ్చిన మాట నిజమే. బంధువుల మాట విని వచ్చినవాళ్ళే ఎక్కువ. అయినా నీళ్ళలో ముంచింది ఒక్కొక్కరినే కదా! నేను గుండ్లకమ్మ వంతెన దాటినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ నీళ్ళు చూస్తాను. వేసవిలో నీళ్ళుండవనుకోండి, ఇసుకే చూస్తాను.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పదహారో ఏట చెల్లెలు జ్వరంతో పోయింది. మూడు రాత్రులు సంఘమంతా మా వాకిట్లో మోకాళ్ళ మీద ఉంది. అయినా పోయింది. ఆ తర్వాత నేను ప్రార్థన మానేశాను. అమ్మ బాధపడుతుందని గుడికి మాత్రం వెళ్ళేవాణ్ణి, నోరు కుట్టేసుకుని కూర్చునేవాణ్ణి. మగవాళ్ళ వైపు చాప మీద నా పక్కన ఒక ముసలాయన కూర్చునేవాడు. ప్రసంగమంతా కునుకు తీసి, పాట ఎత్తుకోగానే ఉలిక్కిపడి లేచేవాడు. అక్షరం ముక్క రాదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు, శ్రుతి మాత్రం ఎక్కడో ఉండేది. ఎందుకు పాడవని నన్ను ఒక్కసారీ అడగలేదు. పుస్తకం నా వైపు జరిపి, చరణం కింద వేలు పెట్టేవాడు. చదువు రాదుగా, ఆ వేలు ఎప్పుడూ తప్పు చరణం మీదే ఉండేది.

ఏడాది పైనే అలా గడిచింది. ఒక ఆదివారం నాకు చిరాకు పుట్టి, ఆ వేలు పట్టుకుని సరైన చరణం దగ్గరకు జరిపాను. గోరు నల్లగా, వేలంతా గరుగ్గా ఉంది. జరిపినవాణ్ణి అక్కణ్ణుంచి పాడాను కూడా. ఎందుకు పాడానో ఇప్పటికీ చెప్పలేను. ఆయనకు ముగ్గురు పిల్లలు పోయారని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

మార్కు సువార్త రెండో అధ్యాయం తీయండి. నలుగురు మనుషులు పక్షవాయువు వచ్చినవాణ్ణి మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటి కప్పు విప్పి మంచంతో సహా దించారు. యేసు వాళ్ళ విశ్వాసం చూశాడని రాసి ఉంది. మంచం మీదున్నవాడు ఏమనుకున్నాడో ఒక్క ముక్క లేదు. కానీ లెమ్మన్నప్పుడు లేవాల్సింది వాడే. ఆ నలుగురూ వాడి బదులు లేవలేరు.

అన్నట్టు, పుల్లటి తోడు వేస్తే పెరుగూ పులుస్తుంది. సంఘంలో కమిటీ తగాదాలు, పార్టీలు మీరు చూడకపోలేదు. నేనే ఒక ఏడాది పొడుగునా ఒకాయనతో మాట మానేసి, ఆయన పక్కనే నిలబడి ప్రభువు బల్లలో రొట్టె, రసం అందుకోడానికి చెయ్యి వేశాను. పిల్లలు గమనిస్తారనుకోలేదు. సిగ్గుపడుతున్నాను. అలాంటి తోడు మా ఇంట్లో దొరికితే తీసుకోకుండా పక్కింటికి వెళ్ళండి.

పెరుగు పోలిక ఇంతకంటే సాగదు. నువ్వు తోడుకున్నావా అని పెరుగును ఎవరూ అడగరు. నిన్ను అడుగుతారమ్మా, నడుములోతు నీళ్ళలో నిలబెట్టి. అప్పుడు అమ్మా పలకదు, టీచరూ పలకదు.

వచ్చే ఆదివారం ఒక పని చేయండి. మీ జట్టుతో కాకుండా వెనక ముసలివాళ్ళ మధ్య కూర్చోండి. పాట ఎత్తుకున్నాక ఒక్క చరణం పాడకుండా వినండి. ఎవరి గొంతు ఎక్కడ పూడుకుపోతుందో, ఏ మామ్మ ఏ చరణం దగ్గర కళ్ళు మూసుకుంటుందో చూడండి. ఆరాధన అయ్యాక ఆ మామ్మ పక్కన కూర్చుని, అక్కడే ఎందుకు ఆగావని అడగండి. అన్నానికి ఆలస్యమవుతుందని ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి. ఆవిడ మొదలుపెడితే ఒక పట్టాన వదలదు.

మీ తాతయ్య