ఇంట్లో మీ మాట మానేయకండి

మార్కాపురం వైపు తండా బడుల్లో పదహారేళ్లుగా ఒకటో తరగతికి చెబుతున్నా. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, పిల్లోడితో ఇంట్లో లంబాడీ మానేశాం. తెలుగే మాట్లాడుతున్నాం. మంచిదే కదా?"

మంచిది కాదు. ఈ ఒక్క అపోహతో పోయినంత చదువు ఇంక దేనివల్లా పోలేదు.

నా మొదటి ఏడాది ఒక పిల్లాడుండేవాడు. వాడి ముందు చింతగింజలు పోసి లెక్కపెట్టరా అంటే తల దించుకుని కూర్చునేవాడు. రిజిస్టర్లో 'అంకెలు రావు' అని రాసేశా. ఒకరోజు నాలుగో తరగతి చదివే వాళ్లక్క పక్కన కూర్చుని లంబాడీలో ఏదో అడిగింది. వాడు ఒక్కో గింజ జరుపుతూ "ఏక్, ది, తీన్, చార్..." అంటూ ఇరవై దాకా ఆగకుండా చెప్పాడు. నా రాత నేనే కొట్టేసుకున్నా. ఆ అంకెలకు తెలుగు పేర్లు నేర్చుకోవడానికి వాడికి రెండు నెలలు కూడా పట్టలేదు.

అమ్మానాన్న మిరప కోతలకు గుంటూరు వైపు పోతే పిల్లలు నాయనమ్మ దగ్గరే ఉంటారు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. లంబాడీ ఆపేస్తే ఆ ఇంట్లో కథ చెప్పేదెవరు, 'ఎందుకు' అని అడిగితే బదులిచ్చేదెవరు? మీ భయం నాకు తెలుసు. సంతలో, బస్సులో మీ మాట విని చులకన చేశారు, పిల్లలకు ఆ గతి పట్టొద్దని మీ టెన్షన్. తెలుగు నేర్పడం మా పని, మాకొదిలేయండి.

లిపి లేనిది భాషేంటి అంటారు. తెలుగు అక్షరాలతో రాసుకోవచ్చు. మా గోడ మీద 'యాడి - అమ్మ', 'పాణి - నీళ్లు' అని పిల్లలే రాశారు. టీచరుకు ఆ భాష రావాలా? వస్తే మేలు. నేను తప్పు పలికితే క్లాసంతా నవ్వుతుంది, ఆ పూట ఒక్కడూ బెదరడు. ఇక 'బడిలో లంబాడీకి రూల్సు ఒప్పుకోవు' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు రాజ్యాంగం 350ఎ అధికరణం ఒకసారి చదవాలి. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని రాష్ట్రాలకే చెప్పింది.

ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ వేస్తాం. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ఆయన ముందు తానే సవర నేర్చుకున్నారు. కిందటేడు దండ వేశాక ఒకటో తరగతి పిల్ల చేత లంబాడీ పాట పాడించాం. మధ్యలో చరణం తప్పిందని గేటు దగ్గర నిలబడ్డ వాళ్ల నాయనమ్మ అక్కణ్నుంచే కేకేసింది.